కేతి రౌతు ఇక్కడ ఉన్న పదమూడు రోజులు

మాఘ బహుళ విదియ, సోమవారం

పొద్దున్నుంచి తూర్పు గాలి, దుమ్ము. మబ్బు లేదు. రేవుగది కప్పు మీది సోలార్ పలకలు నా కూతురు వన్నూరమ్మ తుడిచింది. నేను కింద నిలబడి గుడ్డలు తడిపి అందించాను. రెండు చెంబుల నీళ్ళు అయ్యాయి. ఎడమచేత్తో తుడుస్తుంది, ఒక మూల ఎప్పుడూ మిగిలిపోతుంది.

తొమ్మిదికి ట్యాంకరు వచ్చింది. ఇళ్ళు ముప్పై నాలుగు, మనుషులు నూట పద్దెనిమిది. తలకు ఒక బిందె. ఇంటి పెద్దలు ఎప్పటిలాగే ఈ పుస్తకంలో తమ ఇంటి మంది ఎంతో వేసి సంతకాలు పెట్టారు. మేకల హుసేనప్ప సంతకం పెడుతూ, "నా మేకలకు గూడా వేస్తావా సుంకులమ్మా?" అన్నాడు.

"వాటినే వచ్చి సంతకం పెట్టమను," అన్నాను.

ఫాల్గుణం దాటితే ట్యాంకరు రాదని కాగితం వచ్చింది. అందుకే రేపటి పని. మా ఊరి వీరుడి రాయి మీద గుర్రపుబుగ్గ అనే ఊట పేరు ఉంది. కేతి రౌతు తన గుర్రానికి అక్కడ నీళ్ళు పెట్టేవాడట. కొండచరియ విరిగిపడి ఆ ఊట ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. దొంగలు మంద మీద పడినప్పుడు కేతి రౌతు ఒక్కడే ఎర్రకనుమ దగ్గర అడ్డం నిలబడ్డాడు. ఆడవాళ్ళు, పిల్లలు, ఆవులు కనుమ దాటేదాకా నిలబడి, మూడు బాణాలు తగిలి చనిపోయాడు. ఆ దాటినవాళ్ళ సంతతే ఈ ఊరు. ఏటా బహుళ తదియ నాడు రాయికి నూనె, పసుపు పూస్తాం.

రేవుగదిలోని కాలపు రేవు గుండా వెనకటి కాలం మనిషిని తెచ్చుకోవాలంటే కాలశాఖ ఒకటే నియమం పెట్టింది. చివరి గడియలో ఉన్నవాణ్ణే తేవాలి. అప్పుడైతే అక్కడ ఏదీ చెడదు. ఒక గంట ఉంచుకుని, అడగవలసింది అడిగి, తిరిగి పంపాలి. ఊరిపెద్ద ఓబులపతి ఆరు నెలలు తిరిగి అనుమతి తెచ్చాడు.

తదియ, మంగళవారం

గాలి తగ్గింది. ఎండ. మంది నూట పద్దెనిమిది.

పదకొండున్నరకు మీట వేశాను. ఆస్పత్రి రేణుక మంచం, కట్లు, రక్తం సీసాలు సిద్ధం చేసుకుని కూర్చుంది. ఓబులపతి కొత్త పంచె కట్టుకుని దండ పట్టుకున్నాడు.

వచ్చిన మనిషి ఒంటి మీద గాటు లేదు. పొట్టివాడు, ముప్పై ఏళ్ళుంటాయి, మొహం నిండా అమ్మవారి మచ్చలు. చంకలో పచ్చిగడ్డి మోపు. మమ్మల్ని చూసి గోడకు ఆనుకుని గడ్డిని గట్టిగా పట్టుకున్నాడు. రేణుక కట్లు పట్టుకుని, "ఏడ కట్టల్ల సుంకులమ్మత్తా?" అంది. ఎవరూ నవ్వలేదు.

ఆయన మాట మొదట తెలియలేదు. తెలిసినంతవరకు రాస్తున్నాను. పదే పదే అన్నది ఒకటే: "గుర్రాన్ని కట్టేసి వచ్చినా. చూలుతో ఉండాది. నీళ్ళు ఎవురు పెడతారు?"

చవితి, బుధవారం

ఎండ. మంది నూట పద్దెనిమిది.

కాలశాఖ నుంచి నబీరసూల్ ఫోనులో మాట్లాడాడు. తేదీ లెక్క కట్టింది ఆయనే.  రాయి మీద శకవర్షం 1187 అని ఉంది. ఆ కాలంలో గడిచిపోయిన సంవత్సరాలు లెక్కపెట్టి రాసేవాళ్ళు. ఈయన దాన్ని నడుస్తున్న సంవత్సరంగా తీసుకున్నాడు. రేవు ఆయన చావుకు ఏడాది ముందటి రోజుకు పోయింది.

"సంవత్సరం పేరు గూడా ఉండాలే రాయి మీద. అది చూస్తే తెలిసిపోవును గదా," అన్నాడు.

పేరున్న చోట తరతరాల నూనె, పసుపు గట్టిపడి వేలి మందాన పేరుకుంది. గీకడం తప్పని మేం ఎప్పుడూ గీకలేదు. శాఖ వాళ్ళు ఫోటో అడిగినప్పుడు కూడా గీకలేదు.

"ఇప్పుడేం చేయాల?"

"వెనక్కి పంపాలమ్మా. ఆయన ఈడ ఎన్ని దినాలుంటే ఆడ అన్ని దినాలు లేనట్టే. మందకు కాపు లేనట్టే. రాబోయే మాఘానికి ఆయన కనుమలో లేకపోతే ఎవురూ దాటరు. ఆయనకు మాత్రం ఏం చెప్పొద్దు."

తెచ్చిన గంట దాటితే రేవు ఖాళీ అయిపోతుంది, నిన్న ఆ గంట కంగారులోనే దాటింది. మళ్ళీ కరెంటు నిండడానికి పలకలకు తొమ్మిది రోజుల ఎండ కావాలి.

కేతయ్య రేవుగది వరండాలో ఉంటున్నాడు. వన్నూరమ్మ సంకటి పెట్టింది. చెయ్యి కడుక్కోవడానికి చెంబెడు నీళ్ళిస్తే సగం తాగి సగం దాచాడు. పొద్దున నీళ్ళ వరస దగ్గర కూర్చుని, ఒక్కో మనిషి దాటుతుంటే సంచిలో ఒక్కో గులకరాయి వేసుకున్నాడు. ఏ రోజు రాళ్ళు ఆ రోజు గుడ్డలో వేరే మూట కట్టి ఉంచుకోవడం మంద కాసేవాళ్ళ అలవాటు అట.

"మమ్మల్ని గూడా ఆవులనుకుంటున్నాడా సామి," అని హుసేనప్ప నవ్వాడు.

పంచమి, గురువారం

గాలి, ఎండ. ఇళ్ళు ముప్పై మూడు, మంది నూట పదహారు.

పలకలు వన్నూరమ్మ తుడిచింది. కేతయ్య నిచ్చెన కింద పట్టుకున్నాడు. ఆయనకు నిచ్చెన ఎక్కడం భయం. వన్నూరమ్మ పైనుంచి, "కనుమ కాసిన మొగోడు నాలుగు మెట్లకు వణుకుతాండు సూడమ్మా," అంది. కనుమ సంగతి ఎత్తొద్దని తిట్టాను.

షష్ఠి, శుక్రవారం

ఎండ. ఇళ్ళు ముప్పై మూడు, మంది నూట పద్నాలుగు.

ఓబులపతి కేతయ్యను కొండ దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెళ్ళాను. కొండ ఆకారం మారిందని చాలాసేపు నిలబడిపోయాడు. తరవాత రెండు బండల మధ్య సందు చూసి, అక్కణ్ణుంచి అడుగులు వేసుకుంటూ వచ్చి ఒక చోట మడమతో గీత గీశాడు. "ఈడ గుర్రం ముందుకాళ్ళు పెట్టి తాగుతాది," అన్నాడు.

అప్పుడే తవ్వడం మొదలుపెట్టారు. ఓబులపతి కొడుకులు ఇద్దరూ గడ్డపారలు పట్టారు. చిన్నవాడు శేషాద్రి కేతయ్యకు జోడీ. సాయంత్రానికి నాలుగడుగులు.

సప్తమి, శనివారం

దుమ్ము. ఇళ్ళు ముప్పై రెండు, మంది నూట తొమ్మిది. మా ఇంటికి ఒక బిందె.

పలకలు నేనే తుడిచాను. నిచ్చెన ఎక్కి దిగి ఒక్కదాన్నే చేసుకోవడం వల్ల మధ్యాహ్నం దాటింది. గొయ్యి ఆరడుగులు.

కేతయ్య సంకటి తింటూ అటూ ఇటూ చూశాడు. ఎవరి కోసం అని అడిగాను. తల వంచుకుని తిన్నాడు.

అష్టమి, ఆదివారం

ఎండ. ఇళ్ళు ముప్పై ఒకటి, మంది నూట నాలుగు. ట్యాంకరు అబ్బాయి, "నీళ్ళు మిగుల్తాండాయే ఈ మధ్య," అన్నాడు. మిగిలినవి శాఖ తొట్టిలో పోయించాను. గొయ్యి తొమ్మిదడుగులు. అడుగున మట్టి రంగు మారింది.

నవమి, సోమవారం

ఎండ. ఇళ్ళు ముప్పై, మంది నూట ఒకటి. పొద్దున గొయ్యి కొలిచి పదడుగులు రాశాను.

కేతయ్య నీళ్ళ వరస అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, మేకల ముసలాయన ఏడీ?"

"ఏ ముసలాయన?"

"నన్ను చూసి నవ్విండె. ఆవులనుకుంటాండావా అనె."

మా ఊళ్ళో మేకలు ఎవరికీ లేవని చెప్పాను. ఆయన సంచి నేల మీద పోసి రాళ్ళు కుప్పలు పెట్టాడు. 

దశమి, మంగళవారం

ఎండ, గాలి. ఇళ్ళు ఇరవై తొమ్మిది, మంది తొంభై ఏడు.

గొయ్యి కొలిచాను. ఎనిమిది అడుగులు. నిన్నటి పుటలో నా చేతి రాతే పది అని ఉంది. తాడు మళ్ళీ వేశాను. ఎనిమిదే. గట్లు కూలలేదు, మట్టి జారలేదు. ఓబులపతి, "నిన్న తప్పు కొలిచినావులే," అన్నాడు. నేను కొలతలు తప్పను.

వచ్చి పుస్తకం మొదటినుంచి చదివాను. విదియ నాడు నూట పద్దెనిమిది మంది. హుసేనప్ప అనే పేరు ఉంది, పక్కన సంతకం ఉంది. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. అలాంటి సంతకాలు ఐదు. నాకు మందిని గురించి ఎవరైనా పందెం కాస్తే తొంభై ఏడు అనే చెబుతాను. ఎప్పుడూ అంతే అని చెబుతాను.

కేతయ్యను పిలిచి కుప్పలు పెట్టమన్నాను. ఆయనకు అక్షరం రాదు. నేను పుటల వరస ప్రకారం అడుగుతూ పోయాను, ఆయన రాళ్ళు లెక్కపెట్టి చెప్పాడు. చవితి నాటి కుప్ప నూట పద్దెనిమిది. పంచమిది నూట పదహారు. ఒక్క రోజు కూడా తేడా రాలేదు.

ఈ పుస్తకం రేవుగది దాటిపోకూడదని, వెనకటి కాలం మారినా గది లోపలి కాగితం మారదని శాఖవాళ్ళు మొదట్లోనే చెప్పారు. చేత్తో ఎందుకు రాయమంటారో ఇన్నాళ్ళూ నేను అడగలేదు.

ఈ పుటల్లో నాలుగు చోట్ల వన్నూరమ్మ అనే పేరు ఉంది. ఒక చోట నా కూతురు అని రాసి ఉంది. మా ఇంటి వరసలో షష్ఠి దాకా "ఇద్దరు" అని నేనే సంతకం పెట్టాను.

"నీకు తెలుసునా?" అని కేతయ్యను అడిగాను.

"శనివారం నించి లేదు. నువ్వు అడగకపోతివి. నీకు కోపమో దుఃఖమో అనుకుంటి."

"ఎట్లా ఉండేది?"

ఆయన ఆలోచించి చెప్పాడు. నా కంటే పొడుగు. ఎడమచేతి వాటం. పొయ్యి పొగకు తిడుతూ ఉండేది. ముందుపన్ను మీద పన్ను. అంతకంటే తనకు తెలియదన్నాడు.

రాసుకున్నాను. ఏడుపు రాలేదు. ఎవరి కోసం ఏడవాలో తెలియలేదు.

ఏకాదశి, బుధవారం

మధ్యాహ్నం దాకా దుమ్ము, పలకలు సరిగా పని చేయలేదు. ఇళ్ళు ఇరవై ఎనిమిది, మంది తొంభై నాలుగు.

నబీరసూల్‌కు చెప్పాను. ఆయన అన్నాడు: "ఆడ ఆయన లేని దినాల్లో మందలో ఎవురికో ఏదో అయ్యింటాది. వాళ్ళ సంతతి ఈడ లేకుండా పోతాంది. ఆయన అప్పటి మనిషి, అందుకే ఆయనకు గుర్తుంటాది. ఆయన్ను పంపితే అది నిలుస్తాది."

"పోయినోళ్ళు?"

"రారమ్మా."

ఓబులపతిని, ఊళ్ళో పెద్దవాళ్ళను వరండాకు పిలిచి చెప్పాను. రేవు త్రయోదశికి నిండుతుంది, ఆ రోజే కేతయ్యను పంపేద్దామని అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తొంభై నాలుగు మందిమి. ఎప్పుడూ అంతేగా," అంది రేణుక.

ఓబులపతికి కోపం వచ్చింది. "బుగ్గ పడేదాకా సామిని కదిలించేది లేదు. ఊట పక్కకు తప్పిందంటే చూపించేదానికి ఎవురుండారు? నువ్వు జూపించే పేర్లు మా చెవున బడినవే కాదు. లేనోళ్ళ కోసం ఉన్నోళ్ళం దప్పికకు చావల్నా సుంకులమ్మా?"

"తవ్వేకొద్దీ గొయ్యి పూడుతాంది. తవ్వినోళ్ళు లేకుండా పోతే వాళ్ళు తవ్విందీ లేకుండా పోతాంది. అదైనా సూడు."

"నీకు కొలిచేది రాదు."

మీట పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకుని వెళ్ళాడు. గొయ్యి ఏడున్నర అడుగులు. పొద్దంతా ఆరుగురు తవ్వారు.

ద్వాదశి, గురువారం

ఎండ. ఇళ్ళు ఇరవై ఏడు, మంది తొంభై ఒకటి.

కేతయ్య తన రాయి దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. ఊళ్ళో అందరూ ఆయన్ను సామి అంటుంటే, పిల్లలు ఆయన కాళ్ళకు పసుపు రాస్తుంటే ఎప్పటికైనా తెలిసేదే. తీసుకుపోయాను.

రాయి మీది మనిషిని చూసి, "ఈ మీసాలు ఎవురివి?" అన్నాడు. గుర్రానికి ఊరివాళ్ళు తెల్లరంగు వేశారు. "నాది ఎర్రది. తెల్లగుర్రం రాజులకు," అన్నాడు. ఏమని రాసి ఉందో చదవమన్నాడు.

చెప్పొద్దని నియమం. నేను చదివాను. మాఘ బహుళ తదియ అని చదివాను. మూడు బాణాలు అని చదివాను. వచ్చే మాఘం అని వివరంగా చెప్పాను.

"మంద దాటిందా?"

"దాటింది. ఆడోళ్ళూ, పిల్లోళ్ళూ అందరూ."

"ఎంతమంది?"

"అది రాయలేదు."

"ఎన్ని తలలో రాయకపోతే ఇంత రాయి ఎందుకు చెక్కినట్టు?" అన్నాడు. నిజంగానే చిరాకు పడ్డాడు. తరవాత రాయి నీడలో కూర్చుని తల వంచుకున్నాడు.  చేతులు తొడల కింద పెట్టుకున్నాడు.

ఆయనకు ఇంకొకటి కూడా చెప్పాను. ట్యాంకరు దిగువ ఊళ్ళకు పోతుంది. ఎక్కి వెళ్ళిపోతే ఆపేవాళ్ళు లేరు. ఇంకో ముప్పై ఏళ్ళు బతకొచ్చు. ఆ మాట చెప్పకుండా పంపడం సరికాదనిపించింది.

"పోతే మీకేమైతాది?"

"ఎవురమూ ఉండం. మాకు తెలియను గూడా తెలియదు. నొప్పి ఉండదు."

"ఊఁ," అన్నాడు. లేచి గొయ్యి దగ్గరికి పోయి పొద్దుగూకేదాకా తవ్వాడు. 

త్రయోదశి, శుక్రవారం

ఎండ. ఇళ్ళు ఇరవై ఆరు, మంది ఎనభై ఏడు. రేవు నిండింది. గొయ్యి ఆరడుగులు.

ట్యాంకరు వచ్చినప్పుడు కేతయ్య దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. డ్రైవరు తలుపు తీసి, "వస్తావా సామీ?" అని నవ్వాడు. కేతయ్య తలుపు పట్టుకుని నిలబడ్డాడు. నేను నీళ్ళు పోయిస్తూ ఉన్నాను, అటు చూడలేదు. చూసేసరికి ట్యాంకరు పోయింది, ఆయన వరండాలో కూర్చుని రాళ్ళు సంచిలోకి ఎత్తుకుంటున్నాడు.

ఓబులపతి సంతకానికి వచ్చినప్పుడు కేతయ్య లేచి ఎదురుగా నిలబడ్డాడు. "నీ చిన్నోడు ఏడీ?"

"నాకు ఒక్కడే కొడుకు సామీ."

"మూడు దినాలు నాతో పార పట్టినాడు. నవ్వితే చెవులు కదులుతాయి. నీ మాదిరే."

ఓబులపతి చెయ్యి చెవి మీదికి పోయింది. నేను పుస్తకం షష్ఠి నాటి పుటకు తిప్పి ఆయన ముందు పెట్టాను. ఓబులపతి ఇంటి వరసలో ఆరుగురు అని ఉంది, కింద ఆయన సంతకం. ఇవాళ ఐదుగురు అని రాసి ఆయన ఇప్పుడే పెట్టిన సంతకం తడి ఆరలేదు. రెండూ పక్కపక్కన చూశాడు. ఓబులపతి సంతకం చివర గీత కింద రెండు చుక్కలు పెడతాడు. రెండు చోట్లా ఉన్నాయి.

"ఇది నువ్వు పెట్టినావు," అన్నాడు.

"నీ సంతకం నాకు రాదు."

"వాని పేరేంది?"

పుటలో ఉన్నది చదివాను. ఆయన పెదవులు కదిలించి ఆ పేరు ఒకసారి అనుకుని చూశాడు. కొత్త పేరు పలికినట్టే పలికాడు. బిందెలు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

చతుర్దశి, శనివారం

మబ్బు. వాన పడదు, ఊరికే మబ్బు. ఇళ్ళు ఇరవై ఐదు, మంది ఎనభై నాలుగు.

ఓబులపతి పగలంతా గొయ్యి దగ్గర తాడు పట్టుకుని కూర్చున్నాడు. ముగ్గురితో తవ్వించాడు. తనే కొలిచాడు, గంట ఆగి మళ్ళీ కొలిచాడు. నాలుగు గంటలకు వచ్చి తాళంచెవి ఈ బల్ల మీద పెట్టాడు. "రేపు పంపించు," అన్నాడు.  కేతయ్య కాళ్ళకు దండం పెట్టబోతే కేతయ్య వెనక్కి జరిగాడు.

"కాళ్ళు పట్టొద్దన్నా. నాకు బయ్యంగా ఉండాది," అన్నాడు.

కేతయ్యను ఏమైనా కావాలా అని అడిగాను. వస్తువులు పంపడానికి లేదు, కానీ తినేది పెట్టొచ్చు. సంకటి, చింతాకు పప్పు చేశాను. రెండుసార్లు పెట్టించుకున్నాడు. వచ్చే మాఘంలోపు గుర్రం ఈనుతుందని, పిల్ల పుడితే కనుమకు తల్లిని తీసుకుపోనని, వేరే గుర్రాన్ని అడుక్కుంటానని చెప్పాడు. రాయి మీద ఎర్ర గుర్రమో కాదో ఎవరూ రాయలేదు కదా, అన్నాడు.

అమావాస్య, ఆదివారం

ఉదయం ఎండ వచ్చింది. మంది ఎనభై మూడు.

ఊరివాళ్ళు దండలు తెస్తే లోపలికి రానివ్వలేదు. ఓబులపతి, రేణుక, నేను ఉన్నాం. కేతయ్య నేల మీది రేవు గీత లోపల నిలబడి రేణుకను, ఓబులపతిని, నన్ను వేలితో లెక్కపెట్టాడు. మీట వేశాను.

సాయంత్రం మంది మళ్ళీ లెక్కపెట్టాను. ఎనభై మూడు.

ఫాల్గుణ శుద్ధ పాడ్యమి, సోమవారం

తూర్పు గాలి. పలకలు తుడిచాను. ఇళ్ళు ఇరవై ఐదు, మంది ఎనభై మూడు. గొయ్యి ఏడడుగులు, నిన్న ఐదున్నర.

వెళ్ళినవాళ్ళ పేర్లు వేరే కాగితం మీద ఎత్తిరాసి శాఖకు పంపాలి. మొత్తం ముప్పై ఐదు మంది. పేర్లు, చుట్టరికాలు పుస్తకం వెనక ఉన్న ఇంటింటి జాబితాలోవి. మా వీధి వరకు ఇవాళ రాశాను.

హుసేనప్ప, ఆయన భార్య. పంచమి.

మాబున్ని, రేణుక చెల్లెలు. షష్ఠి.

వన్నూరమ్మ, నా కూతురు. సప్తమి.

శేషాద్రి, ఓబులపతి చిన్న కొడుకు. నవమి.

పేరు రాయని పసిబిడ్డ, కుళ్ళాయప్ప ఇంట. ద్వాదశి.

కేతి రౌతు. అమావాస్య, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు.